కరోనాలో గడువు ఎవరికి ఆగింది, ఎవరికి ఆగలేదు?

న్యాయ సలహా: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

కరోనా పోయినా ఆ రెండేళ్లలో వచ్చిన కోర్టు ఉత్తర్వుల ప్రభావం ఇంకా కేసుల కట్టల్లో కనిపిస్తూనే ఉంది. మాకు వచ్చే ఉత్తరాల్లో చాలావరకు "అప్పట్లో గడువులన్నీ పెంచారు కదా" అనే మొదలవుతాయి. అన్నీ పెంచలేదు. పెంచని గడువును పెంచారనుకుని హక్కు పోగొట్టుకున్నవాళ్లున్నారు, పెంచిన సంగతి తెలియక రావలసిన డబ్బు వదులుకున్నవాళ్లూ ఉన్నారు. ఈ రెండోరకం వాళ్లను చూసినప్పుడే ఎక్కువ బాధ కలుగుతుంది. అందుకే ఈ నెల ఆ ప్రశ్నలన్నీ ఒకచోట చేర్చాం.

ప్రశ్న: 2018 జూన్ 10న ప్రామిసరీ నోటు మీద ఒకరికి 3 లక్షలు అప్పిచ్చాను. అసలుకు గానీ వడ్డీకి గానీ ఒక్క రూపాయి జమ కాలేదు. 2023 ఏప్రిల్ 20న దావా వేశాను. నోటుకు మూడేళ్లు 2021 జూన్‌తోనే నిండాయనీ, దావా టైమ్ బార్ అయిందనీ ప్రతివాది జవాబు దావాలో రాశాడు. మా ప్లెయింటు (దావా పత్రం)లో కరోనా మాటే లేదు. కేసు నిలుస్తుందా?
(ఒక పాఠకుడు, నరసరావుపేట)

జవాబు: గడువు వరకైతే నిలుస్తుందండీ. లెక్క జాగ్రత్తగా చూడండి.

కక్షిదారులు కోర్టులకు రాలేని పరిస్థితి చూసి సుప్రీంకోర్టు తనంతట తానే 2020లో 3వ నంబరు సివిల్ రిట్ పిటిషన్ చేపట్టింది. ఆ ఏడాది మార్చి 23న, అంతకుముందు మార్చి 15 నుంచే వర్తించేలా కాలపరిమితిని ఆపింది. 2021 మార్చి 8న ఆ వెసులుబాటు ముగించింది. రెండో వేవ్ రాగానే ఏప్రిల్ 27న మళ్లీ ఇచ్చింది, సెప్టెంబర్ 23న మళ్లీ ముగించింది. ఆఖరుగా 2022 జనవరి 10న ఇచ్చిన ఉత్తర్వే ఇప్పుడు మనకు ఆధారం. దాని ప్రకారం 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 వరకు ఉన్న కాలం మొత్తాన్ని గడువు లెక్కలోంచి తీసేయాలి. రెండు తేదీలూ కలుపుకుంటే అది 716 రోజులు.

ఇక్కడే చాలామంది పొరబడతారు. అదే ఉత్తర్వులో 90 రోజుల మాట ఒకటుంది. ఆ కాలంలో గడువు ముగిసిపోవలసినవాళ్లకు 2022 మార్చి 1 నుంచి 90 రోజులు ఇస్తామని ఉంది. అది చదివి, 2022 మే నెలాఖరుతో అంతా అయిపోయిందని అనుకుంటారు. కానీ 90 రోజులనేది కనీసం ఇచ్చేది మాత్రమే. మిగిలి ఉన్న గడువు 90 రోజుల కంటే ఎక్కువుంటే ఆ ఎక్కువ కాలమే వర్తిస్తుందని ఉత్తర్వులోనే రాసి ఉంది.

మీ నోటుకు మామూలుగా ఆఖరి రోజు 2021 జూన్ 10. 2020 మార్చి 15 నాటికి, ఆ రోజుతో కలిపి, మీకు మిగిలింది 453 రోజులు. ఆ 453 రోజులూ 2022 మార్చి 1 నుంచి మళ్లీ మొదలై 2023 మే 27తో ముగుస్తాయి. మీరు ఏప్రిల్ 20నే దావా వేశారు. 2024 మార్చి 1న ఆరిఫ్ అజీమ్ కేసులో సుప్రీంకోర్టు సరిగ్గా ఈ పద్ధతిలోనే, 2020 మార్చి 15 నాటి మిగులును 2022 మార్చి 1 నుంచి లెక్కగట్టింది. ఆ తీర్పు నకలు దగ్గర పెట్టుకోండి.

ఇక ప్లెయింటులో లోపం. దావా మామూలు గడువు దాటాక వేస్తే, ఏ కారణంతో మినహాయింపు కోరుతున్నారో ప్లెయింటులోనే చెప్పాలని సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 7, రూల్ 6 చెబుతోంది. దావాలకు లిమిటేషన్ చట్టం సెక్షన్ 5 వర్తించదు కాబట్టి, తర్వాత ఆలస్యం మన్నించమని పిటిషన్ వేసే దారి లేదు. ప్రతివాది అడగకపోయినా గడువు దాటిన దావాను కొట్టేయాల్సిన బాధ్యత సెక్షన్ 3 కింద కోర్టుదే. అయితే రూల్ 6కే ఒక మినహాయింపు ఉంది. ప్లెయింటులో రాసినదానికి విరుద్ధంగా లేకపోతే, రాయని కారణం మీద కూడా మినహాయింపు కోరనివ్వవచ్చు. విచారణ ఇంకా మొదలుకాకపోతే ఆర్డర్ 6, రూల్ 17 కింద సవరణ పిటిషన్ వేసి ఒక్క పేరా చేర్పించండి. అందులో నోటు తేదీ, మామూలు ఆఖరి తేదీ, తీసేయాల్సిన 716 రోజులు, కొత్త ఆఖరి తేదీ వరుసగా ఉండాలి. విచారణ మొదలయ్యాక సవరణ అడిగితే, ముందే ఎందుకు అడగలేదో చెప్పుకోవలసి వస్తుంది.

ఇదే పరిస్థితిలో ఉన్న మిగతావారికి రెండు మాటలు. 2020 మార్చి 14కే మూడేళ్లు నిండిన నోటుకు ఈ ఉత్తర్వు ప్రాణం పోయదు. అలాగే 2022 ఫిబ్రవరిలోపు రాసిన నోట్లకు మధ్యలో చెల్లు గానీ, బాకీ ఒప్పుకుంటూ సంతకం గానీ లేకపోతే, కరోనా కాలం తీసేసినా 2025 మార్చి మొదటి రోజులతో గడువు అయిపోయింది.

ప్రశ్న: మా నాన్నగారికి 2013 ఆగస్టు 5న డబ్బు డిక్రీ వచ్చింది. అప్పట్లో అవతలివాళ్లకు ఆస్తి లేదని ఈపీ (డిక్రీ అమలు పిటిషన్) వేయలేదు. ఇప్పుడు వాళ్ల పేర పొలం వచ్చింది. పన్నెండేళ్లు 2025 ఆగస్టుతో అయిపోయాయని, ఇక చేసేదేం లేదని అంటున్నారు. నిజమేనా?
(ఒక పాఠకురాలు, నిజామాబాద్)

జవాబు: అలా వదిలేయకండమ్మా. మూడేళ్ల గడువులకు కరోనా వెసులుబాటు అయిపోయినా, పన్నెండేళ్ల గడువులకు ఇంకా నడుస్తోంది. డిక్రీ అమలు పిటిషన్‌కు గడువు లిమిటేషన్ చట్టం ఆర్టికల్ 136 కింద పన్నెండేళ్లు. 2025 ఆగస్టు 5కు 716 రోజులు కలిపితే 2027 జులై 22 వస్తుంది. ఆ డిక్రీ మీద అవతలివాళ్లు అప్పీలు వేసి ఉంటే, అప్పీలు కోర్టు డిక్రీ తేదీ నుంచి లెక్క ఇంకా ముందుకు జరుగుతుంది. అదీ కనుక్కోండి.

అయినా 2027 దాకా ఆగవద్దు. "కరోనా కాలంలో గడువు ముగిసినవాళ్లకే ఆ ఉత్తర్వు, మీ గడువు 2025లో కదా ముగిసింది" అని అవతలి వకీలు తప్పకుండా వాదిస్తారు. ఉత్తర్వులో ఆ కాలాన్ని లెక్కలోంచి మినహాయించాలని ఉంది గానీ, ఫలానా వాళ్లకే అని లేదు. మీ వాదనకు బలముంది. కానీ ఈపీల్లో ఆలస్యాన్ని మన్నించే సెక్షన్ 5 వర్తించదు. ఒక్క లెక్క మీదే ఆధారపడి ఉన్నప్పుడు ఒక్క నెల కూడా వృథా చేయకూడదు.

ఈపీలో ఆర్డర్ 21, రూల్ 11 అడిగిన గడులన్నీ నింపాలి: దావా నంబరు, డిక్రీ తేదీ, అప్పీలు ఉందో లేదో, ఇంతవరకు వసూలైనది, వడ్డీతో రావలసినది, ఖర్చులు, కోర్టు నుంచి కోరే సాయం. వాటి కిందే గడువు లెక్క ఒక పేరాగా రాయించండి. పొలం జప్తు కోరుతున్నారు కాబట్టి సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు హద్దులతో షెడ్యూలు, దాంతోపాటు తాజా ఈసీ జతచేయండి. హద్దులు తప్పుగా పడితే జప్తు వారంటు వెనక్కి వస్తుంది, అక్కడ ఆరు నెలలు పోతాయి.

ప్రశ్న: సరుకు బాకీ కింద 2020 ఫిబ్రవరి 12 తేదీ వేసి 1,80,000కు చెక్కు ఇచ్చారు. లాక్‌డౌన్ వల్ల సెప్టెంబర్‌లో బ్యాంకులో వేశాను. చెక్కు కాలం చెల్లిందని వాపసు వచ్చింది. గడువులన్నీ ఆగినప్పుడు చెక్కు గడువు ఎందుకు ఆగదు?
(ఒక వ్యాపారి, తణుకు)

జవాబు: చెక్కుకున్న మూడు నెలల చెల్లుబాటు ఏ చట్టమూ పెట్టిన గడువు కాదు. బ్యాంకింగ్ రెగ్యులేషన్ చట్టం సెక్షన్ 35ఏ కింద రిజర్వ్ బ్యాంకు పెట్టినది. దాన్ని కూడా పొడిగించమని సుప్రీంకోర్టును అడిగారు. 2020 జులై 10న కోర్టు జోక్యం చేసుకోవడానికి ఒప్పుకోలేదు. మీ చెక్కు మే రెండో వారంతోనే కాలం చెల్లింది. ఆ తర్వాత వాపసు వస్తే చెక్కు బౌన్స్‌కు పెట్టే సెక్షన్ 138 కేసు కాదు. చెక్కు సమయానికే వేసి బౌన్స్ అయి ఉంటే, 30 రోజుల్లో ఇవ్వాల్సిన నోటీసు గడువుకు కరోనా మినహాయింపు దొరికేది.

సరుకు ధర కోసం సివిల్ దావా వేసే హక్కు మీకు వేరుగా ఉండేది, కానీ దాని మూడేళ్లూ, 716 రోజులూ కలిపినా దాటిపోయాయి. మధ్యలో, అంటే గడువు ముగియకముందు, ఆయన బాకీ ఒప్పుకుంటూ ఏదైనా రాసి సంతకం చేశారా? బ్యాలెన్స్ కన్ఫర్మేషన్ కాగితం, ఖాతా పుస్తకంలో సంతకం లాంటివి ఉంటే ఆ తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు. ఏదీ లేకపోతే మిగిలింది ఒకే దారి. టైమ్ బార్ అయిన అప్పును కడతానని ఆయన ఇప్పుడు కొత్తగా రాసి సంతకం చేస్తే, కాంట్రాక్టు చట్టం సెక్షన్ 25(3) కింద అది చెల్లుతుంది. నోటిమాట సరిపోదు.

ప్రశ్న: గడువులు ఆగినప్పుడు, చార్జిషీటు వేయడానికి పోలీసులకున్న 60, 90 రోజులు కూడా ఆగినట్టేనా?
(ఒక లా విద్యార్థి, తిరుపతి)

జవాబు: ఆగలేదు. తమిళనాడు నుంచి వచ్చిన ఎస్. కాశీ కేసులో 2020 జూన్ 19న సుప్రీంకోర్టు దీన్ని తేల్చింది. గడువు లోపల చార్జిషీటు పడకపోతే బెయిలు పొందడం నిందితుడి వ్యక్తి స్వేచ్ఛలో భాగం, కక్షిదారుల కోసం ఇచ్చిన ఉత్తర్వును అడ్డుపెట్టి దాన్ని తీసేయలేరు అంది. మొత్తం కరోనా కాలంలో వచ్చిన తీర్పుల్లో మా దృష్టిలో దీనికి చాలా విలువుంది. అయితే ఈ హక్కు అడిగితేనే దక్కుతుంది. 61వ రోజునో 91వ రోజునో పిటిషన్ వేయకుండా కూర్చుంటే, ఈలోపు చార్జిషీటు పడగానే హక్కు పోతుంది.

ప్రశ్న: మా అన్నయ్య డాలస్‌లో ఉంటాడు. గుంటూరు కోర్టులో భాగపంపకాల దావాలో తను సాక్ష్యం చెప్పాలి. కరోనా నుంచి వీడియోలో సాక్ష్యం తీసుకుంటున్నారు కదా, ఫోన్‌లోనే చెప్పేస్తే సరిపోతుందా?
(ఒక పాఠకుడు, గుంటూరు)

జవాబు: ఫోన్ పట్టుకుని ఇంట్లో కూర్చుంటే కుదరదండీ. వీడియోలో సాక్ష్యం కరోనాతో మొదలైనది కాదు, 2003లోనే ప్రఫుల్ దేశాయ్ కేసులో సుప్రీంకోర్టు చెల్లుతుందంది. కరోనా వచ్చాక 2020 ఏప్రిల్ 6న సుప్రీంకోర్టు ఉత్తర్వు ఇవ్వడం, హైకోర్టులు నియమాలు చేసుకోవడంతో పద్ధతి ఏర్పడింది.

ముందు మీ వకీలు ఐఏ (మధ్యంతర దరఖాస్తు) వేసి కోర్టు అనుమతి తీసుకోవాలి. చీఫ్ ఎగ్జామినేషన్, అంటే సాక్షి తన తరఫున చెప్పే సాక్ష్యం, అఫిడవిట్ రూపంలోనే పడుతుంది. దాన్ని మీ అన్నయ్య అక్కడి భారత కాన్సులేట్ అధికారి ఎదుట ప్రమాణం చేసి పంపాలి. టెక్సస్ హ్యూస్టన్ కాన్సులేట్ పరిధిలోకి వస్తుంది. వీడియోలో జరిగేది ముఖ్యంగా క్రాస్ ఎగ్జామినేషన్, అంటే అవతలి వకీలు వేసే ప్రశ్నలకు జవాబులు. నియమాల ప్రకారం సాక్షి ఉన్న చోట ఒక కోఆర్డినేటర్ ఉండాలి. విదేశాల్లో ఆ పని కాన్సులేట్ లేదా ఎంబసీ అధికారిది. సాక్షి గుర్తింపు కార్డు చూసేది, గదిలో పక్కనుంచి ఎవరూ అందించడం లేదని చూసేది ఆయనే.

అసలు చిక్కు గడియారంతో. గుంటూరులో పొద్దున 10.30 అంటే వేసవిలో డాలస్‌లో అర్ధరాత్రి 12. కాన్సులేట్ తెరిచే వేళకు ఇక్కడ రాత్రవుతుంది. అందుకే ఐఏలోనే రెండు ప్రత్యామ్నాయాలు అడగండి. ఒకటి, క్రాస్ నమోదుకు అడ్వొకేట్ కమిషనర్‌ను, అంటే కోర్టు తరఫున సాక్ష్యం నమోదు చేసే వకీలును, నియమించమని. కమిషనర్ అయితే ఇక్కడ రాత్రి ఏడున్నర, ఎనిమిదికి కూర్చోగలరు. రెండు, కాన్సులేట్ అధికారి దొరక్కపోతే కోర్టు తగినవారనుకునే మరొకరిని అక్కడ కోఆర్డినేటర్‌గా ఉండనివ్వమని. ఇవి అడగకుండా అనుమతి మాత్రం తెచ్చుకుని, తర్వాత వాయిదా మీద వాయిదా వేయించుకునే కేసులు ఎక్కువ.

కాగితాల విషయానికొస్తే, క్రాస్‌లో చూపబోయే వీలునామా, రిజిస్టరు దస్తావేజులు, ఫొటోల నకళ్లు పేజీ నంబర్లు వేసి ముందుగానే అక్కడికి చేరాలి. అసలు పత్రాలు కోర్టులోనే ఉంటాయి, వాటిని డాక్యుమెంట్ కెమెరా కింద చూపిస్తారు. సంతకం తనదా కాదా అనేది వివాదంలో ఉంటే ఫోన్ తెర మీద చూసి చెప్పే జవాబుకు విలువ తక్కువ, పెద్ద తెర ఉండేలా చూడండి. నెట్ తెగితే ఎన్ని గంటలకు తెగింది, ఏ ప్రశ్న దగ్గర తెగింది అన్నది వాంగ్మూలంలోనే రాయించాలి. లేకపోతే ఆ ఖాళీలో ఎవరో నేర్పారన్న ఆరోపణ అప్పీలు దాకా వెంటాడుతుంది. చివర వాంగ్మూలం చదివి వినిపించి, దాని మీద సాక్షి సంతకం తీసుకోవాలి. మీరు సొంతంగా రికార్డు చేయవద్దు, నియమాలు ఒప్పుకోవు.

ప్రశ్న: 2020 మేలో మాస్కు లేకుండా బయట తిరిగానని ఐపీసీ 188, 269 కింద కేసు పెట్టారు. ఇప్పుడు ఎంఎస్‌కు వెళ్లాలి, పాస్‌పోర్టు కావాలి. "వెళ్లి ఒప్పేసుకుని జరిమానా కట్టెయ్, అయిపోతుంది" అంటున్నారు. కట్టేయనా?
(ఒక విద్యార్థి, కరీంనగర్)

జవాబు: కట్టవద్దు బాబూ. నేరం ఒప్పుకుని జరిమానా కడితే అది శిక్ష పడినట్టే రికార్డవుతుంది. రేపు వీసా ఫారంలో ఆ మాట రాయాల్సి వస్తుంది. కేసు కొట్టేయించుకునే అవకాశం ఉన్నప్పుడు రెండు వందలతో పోయేదని ఆ మచ్చ వేయించుకోవడం తెలివైన పని కాదు.

ముందు కేసు ఎక్కడుందో చూడండి. ఈ-కోర్ట్స్ యాప్‌లో మీ పేరుతో గానీ, ఎఫ్‌ఐఆర్ నంబరుతో గానీ వెతికితే కేసును గుర్తించే 16 అక్షరాల సీఎన్ఆర్ నంబరు దొరుకుతుంది. దొరక్కపోతే స్టేషన్‌లో అడగండి. ఎఫ్‌ఐఆర్ దశలోనే ఉండి కోర్టు ఇంకా విచారణకు స్వీకరించకపోతే, పాస్‌పోర్టు చట్టం సెక్షన్ 6(2)(ఎఫ్) కింద కేసు పెండింగ్‌లో ఉన్నట్టు కాదని విదేశాంగ శాఖ 2019 అక్టోబర్ 10నే చెప్పింది. స్వీకరించి ఉంటే, ఆ కోర్టులోనే పిటిషన్ వేసి అనుమతి తెచ్చుకోవాలి. ఆ ఉత్తర్వులో ఎంతకాలానికి అన్నది రాయించండి. రాయకపోతే పాస్‌పోర్టు ఏడాదికే ఇస్తారు. దరఖాస్తులో మాత్రం కేసు దాచవద్దు. దాచడం వేరే నేరం.

ఇక కేసును కొట్టేయించడం. 188, అంటే అధికారి ఇచ్చిన ఉత్తర్వును ధిక్కరించిన కేసును కోర్టు స్వీకరించాలంటే, ఆ నిషేధ ఉత్తర్వు ఇచ్చిన అధికారి లేదా ఆయన పైఅధికారి రాతపూర్వకంగా కోర్టుకు ఫిర్యాదు చేయాలని సీఆర్‌పీసీ సెక్షన్ 195 చెబుతోంది. పోలీసు చార్జిషీటు దానికి బదులు కాదు. పైగా ఈ రెండు సెక్షన్లకూ గరిష్ఠ శిక్ష ఆరు నెలలే కాబట్టి, కోర్టు స్వీకరించడానికి సెక్షన్ 468 కింద ఏడాదే గడువు. అయితే కరోనా కాలం మినహాయింపు తమకూ వర్తిస్తుందని ప్రాసిక్యూషన్ అనవచ్చు, కాబట్టి గడువు వాదన ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. 269కి 195 అడ్డు లేదు, అందుకే దాన్ని జతచేస్తారు. కానీ దానికి జబ్బు అంటించే ప్రమాదమున్న నిర్లక్ష్యపు పని ఏదో చూపాలి. మీకు అప్పుడు పాజిటివ్ లేదని తెలిపే కాగితం ఏదైనా ఉంటే వెతకండి. వీటితో హైకోర్టులో క్వాష్ పిటిషన్ వేయవచ్చు. దానికంటే ముందు, ప్రభుత్వం ఆ కేసును ఉపసంహరించుకుందేమో కోర్టులో ప్రభుత్వ వకీలు ఏపీపీ గారిని అడగండి. ఖర్చు లేని పని.

ప్రశ్న: మావారు 2021 మేలో కరోనాతో పోయారు. మరణ ధ్రువపత్రంలో కరోనా అని లేదు. కరోనా మరణాలకు ప్రభుత్వం ఇచ్చే 50 వేల సాయానికి అప్పట్లో దరఖాస్తు చేయలేదు. ఇప్పుడు దారి ఉందా?
(ఒక పాఠకురాలు, ఖమ్మం)

జవాబు: ధ్రువపత్రంలో ఆ మాట లేదన్న ఒక్క కారణంతో కాదనకూడదని సుప్రీంకోర్టు 2021 అక్టోబర్ 4న స్పష్టంగా చెప్పింది. పాజిటివ్ వచ్చిన 30 రోజుల్లో మరణిస్తే, ఇంట్లో పోయినా కరోనా మరణమే. ఆసుపత్రిలో చేరి అక్కడే పోతే 30 రోజులు దాటినా అంతే.

అసలు అడ్డంకి గడువు. 2022 మార్చి 24 ఉత్తర్వు ప్రకారం, మార్చి 20కి ముందు జరిగిన మరణాలకు 60 రోజులే ఇచ్చారు. అయితే తీవ్ర ఇబ్బందుల వల్ల ఆ లోపల రాలేకపోయినవాళ్లు జిల్లా ఫిర్యాదుల పరిష్కార కమిటీకి వెళ్లవచ్చని, కమిటీ ఒక్కో దరఖాస్తునూ విడిగా చూడాలని అదే ఉత్తర్వు చెబుతోంది. ఆలస్యానికి కారణం ఒక్క వాక్యంలో కాకుండా, ఆ నెలల్లో ఇంట్లో ఏం జరిగిందో తేదీలతో రాయండి. ఆర్‌టీపీసీఆర్ రిపోర్టు లేదా స్కాన్, ఆసుపత్రి డిశ్చార్జి లేదా మరణ సారాంశం, మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, మీ బ్యాంకు పాస్‌బుక్ నకలు జతచేసి కలెక్టరేట్‌లో ఇచ్చి రశీదు తీసుకోండి. ఇంత ఆలస్యం తర్వాత ఇస్తారన్న హామీ లేదు. తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా ఇమ్మని అడగండి. ఆ కాగితం ఉంటేనే హైకోర్టులో రిట్ వేయడానికి వీలుంటుంది. రిట్‌కు వకీలు ఫీజు ఇచ్చుకోలేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. మహిళలకు ఆదాయంతో పనిలేకుండా అక్కడ ఉచితంగా వకీలును ఇస్తారు.